నిప్పురవ్వ ఎక్కడ పోతోంది?

కిందటి వర్షాకాలంలో మా స్టవ్ ఎడమ బర్నర్ వెలగటం మానేసింది. నాబ్ నొక్కి తిప్పితే 'టక్' మని చప్పుడు వస్తుంది, గ్యాస్ వాసనా వస్తుంది. మంట మాత్రం రాదు. భద్రాచలంలో ముసురు పట్టిందంటే అన్నీ చెమ్మెక్కుతాయి. ఉప్పు నీరవుతుంది, అగ్గిపుల్లలు మెత్తబడతాయి, పుస్తకాల అట్టలు వంకర్లు పోతాయి. 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగులు అంటూ గోదావరి నీటిమట్టాలని పిల్లల పుట్టినరోజుల్లా గుర్తుపెట్టుకునే ఊరు ఇది. ఇదీ చెమ్మ మహిమేలే అనుకుని నాలుగు రోజులు ఊరుకున్నాను.

ఐదో రోజు స్టవ్‌లు బాగుచేసే షాపుకి వెళ్ళాను. నేను చెప్పింది సగం విని, "సార్‌ని పంపించండి మేడం, ఆయనకి చెప్తాను" అన్నాడు షాపతను. మర్యాదగానే అన్నాడు. మా ఇంట్లో ఉండేది నేనూ మా అమ్మా. పంపటానికి సార్ ఎవరూ లేరు. ఉన్నా, రోజుకి మూడు పూటలు ఆ స్టవ్ ముందు నిలబడే నాకు తెలియంది ఆయనకేం తెలుస్తుంది? ఈ ప్రశ్న అక్కడ అడగలేదు. సాహిత్యంలో డాక్టరేట్ ఉన్నదాన్ని, స్త్రీవాదం మీద సెమినార్లలో పేపర్లు చదివేదాన్ని, గొడుగు తెరుచుకుని తిరిగి వచ్చేశాను.

ఆ సాయంత్రం కోపంతోనే అనుకుంటాను, నాబ్ వరసగా ఐదారుసార్లు తిప్పాను. తిప్పిన ప్రతిసారీ గ్యాస్ వస్తోందన్న సంగతి తెలియక కాదు, పట్టించుకోలేదు. ఏడోసారికి భగ్గుమంది. మంట గిన్నె అంచు దాటి పైకి లేచి, మోచేతి దాకా వెంట్రుకలు కమిలిపోయాయి. అంతకు మించి ఏమీ కాలేదు. కానీ వెనకనుంచి అమ్మ పెట్టిన కేక నాకు ఇంకా వినిపిస్తుంది. అది నా చేయి చూసి పెట్టిన కేక కాదు. నలభై ఏళ్ళ కిందటి కేక.

2024 సెప్టెంబర్‌లో మున్నేరు పొంగి ఖమ్మంలో ఇళ్ళు మునిగినప్పటినుంచి అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఆమె స్టవ్ వెలిగించే తీరు చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. ముఖం పక్కకి తిప్పుకుని, కళ్ళు చికిలించి, చేయి చాచగలిగినంత దూరం చాచి లైటర్ నొక్కుతుంది. మంట అంటుకోగానే ఒక అడుగు వెనక్కి వేస్తుంది. ఇన్నేళ్ళలో ఆ అడుగు ఒక్కరోజూ తప్పలేదు. కారణం మా ఇంట్లో అందరికీ తెలుసు. 1982లో మా పెద్దమ్మ, అంటే అమ్మ అక్క, పెళ్ళయిన రెండేళ్ళకి అత్తగారింట్లో 'స్టవ్ పేలి' చనిపోయింది. నేనింకా పుట్టలేదు. ఆమె నాకు ఒక ఫోటో, ఒక వాక్యం, అంతే. "స్టవ్ పేలి పోయింది పాపం." ఆ వాక్యం తర్వాత ఎవరూ ఇంకో వాక్యం చెప్పేవారు కాదు.

*

మా పక్క వాటాలో ఉండే అక్క ఒక హాస్టల్‌లో వంట చేస్తుంది. కోయ స్త్రీ. సొంతూరు చింతూరు మండలంలో. 2014 విభజనతో ఆ ఊరు ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది, ఆమె బతుకుదెరువు తెలంగాణలో మిగిలింది. అమ్మ కేక విని పరుగెత్తుకొచ్చింది ఆమే. వచ్చీ రాగానే సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ ఆపింది, కిటికీ తలుపులు బార్లా తెరిచింది, లైటు స్విచ్ వైపు వెళ్తున్న నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ తర్వాతే నా మోచెయ్యి చూసింది.

"అగ్గి ముందు, గ్యాసు ఎనక. అంతే గదా మేడం. ముందు గ్యాసు ఇడిసిపెట్టి అగ్గి కోసం ఎతుక్కుంటే ఎట్ల?" అంది.

ఆమె హాస్టల్‌లో పెద్ద గ్యాస్ భట్టీలు వెలిగిస్తుంది. పొడుగాటి కర్ర చివర గుడ్డ చుట్టి, అంటించి, దాన్ని బర్నర్ దగ్గర పెట్టాకే రెండో చేత్తో గ్యాస్ తిప్పుతుందట. ఆలోచిస్తే నా ఖరీదైన స్టవ్ చెరిపేసింది సరిగ్గా ఈ క్రమాన్నే. ఆటోమేటిక్ స్టవ్‌లో ఒకే నాబ్ గ్యాస్ వదులుతుంది, అదే నాబ్ నిప్పురవ్వ పుట్టిస్తుంది. రెండూ కలిసి జరిగినంతకాలం సుఖమే. నిప్పురవ్వ రానిరోజు మిగిలేది గ్యాస్ ఒక్కటే. వంటగ్యాస్ గాలికన్నా బరువు. పైకి పోదు, గట్టుమీదా నేలమీదా పేరుకుంటుంది. దానికి సొంత వాసన లేదు కాబట్టి, కారితే తెలియటానికి ఇథైల్ మెర్‌కాప్టాన్ కలుపుతారు. ఆ వాసన మనకిచ్చే హెచ్చరిక. నేను దాన్ని ముక్కుతో పీలుస్తూ కూడా నాబ్ తిప్పుతూ పోయాను.

ఈ అక్కకీ గ్యాస్ కనెక్షన్ ఉంది. ఆమె పేరుమీదే ఉంది, ఊళ్ళో ఉంది. 1999లో వచ్చిన దీపం పథకమైనా, 2016 మే 1న మొదలైన ఉజ్వల అయినా కనెక్షన్ స్త్రీ పేరు మీదే ఇచ్చాయి. మంచిదే. కానీ ఫోన్ నంబర్ ఆమె కొడుకుది. సిలిండర్ బుక్ చేస్తే వచ్చే కోడ్ అతని ఫోన్‌కే వస్తుంది, అతను ఎక్కడుంటే అక్కడికి. ఊళ్ళో కోడలు పండగలకీ చుట్టాలొచ్చినప్పుడూ గ్యాస్ వెలిగిస్తుంది, మిగతా రోజుల్లో కట్టెల పొయ్యే. పొగ సంగతి మనకి తెలియనిది కాదు. ఇళ్ళలో పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అయినా సిలిండర్ డబ్బు ఒక్కసారే కట్టాలి, కట్టెలకి నడుము మాత్రమే కావాలి.

స్త్రీల పొయ్యి గురించి ఇతరులు ఆలోచించటం కొత్త కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీకి చెందిన ఎస్.పి. రాజు 1953లోనే పొగలేని వంటిళ్ళ గురించి పుస్తకం రాశారు. అప్పటినుంచి ఎన్ని రకాల పొయ్యిలు వచ్చాయో! అన్నిటిలోనూ స్త్రీ లబ్ధిదారు. పొయ్యి ఆమెకిస్తారు. అది చెడిపోతే ఏం చెయ్యాలో ఆమెకి చెప్పాలని మాత్రం ఎవరికీ తోచదు. రూత్ ష్వార్జ్ కోవన్ 1983లో రాసిన 'మోర్ వర్క్ ఫర్ మదర్' పుస్తకంలో అమెరికన్ ఇళ్ళకి ఇనప స్టవ్‌లు వచ్చాక తగ్గింది కట్టెలు కొట్టే మగవాళ్ళ పనే తప్ప ఆడవాళ్ళ పని కాదని వాదిస్తుంది. క్లాసులో నేనిది చాలాసార్లు చెప్పాను. కానీ ఈ అడవి అంచున మోపు ఎత్తేది ఆడవాళ్ళే. గ్యాస్ వస్తే తగ్గేది వాళ్ళ నెత్తిమీద బరువే. అక్కడి సిద్ధాంతాన్ని ఇక్కడి మోపు మీద పెట్టి తూచుకోవాల్సిందే.

ఇప్పచెట్ల కింద ఆకు కాల్చి, పూలు రాలే చోటు శుభ్రం చేసుకునే స్త్రీలు ఇక్కడ ఉన్నారు. ఎంత ఆకుకి ఎంత మంట, గాలి ఎటు, ఎప్పుడు ఆర్పాలి, వాళ్ళకి తెలుసు. అటవీశాఖ లెక్కలో అది నేరం, మన లెక్కలో వెనకబాటు. నిప్పు గురించి ఇంత తెలిసిన మనిషిని గ్యాస్ స్టవ్ ముందు 'ఏమీ తెలియని లబ్ధిదారు'గా నిలబెడతాం. ఆరోజు నా వంటింట్లో ఏమీ తెలియకుండా నిలబడింది ఎవరో చెప్పనక్కర్లేదు.

*

మర్నాడు ఆదివారం. రెగ్యులేటర్ ఆపేసి, ట్యూబ్‌లో మిగిలిన గ్యాస్ మండిపోనిచ్చి, స్టవ్ చల్లారాక పని మొదలుపెట్టాం. అక్క, నేను. అమ్మ గుమ్మంలో నిలబడింది, లోపలికి రాలేదు.

ఒక హద్దు ముందే పెట్టుకున్నాను. గ్యాస్ పారే దారిని, అంటే వాల్వునీ పైపునీ ముట్టుకోను. అది మెకానిక్ పని. గ్యాస్ కారుతోందన్న అనుమానం వస్తే 1906కి ఫోన్ చెయ్యటమే. నాకు కావలసింది నిప్పురవ్వ దారి మాత్రమే.

బర్నర్ మూత తీస్తే పక్కన చిన్న తెల్లటి పింగాణీ గొట్టం, దాని మధ్యనుంచి బయటికి వచ్చిన ఇనప మొన. నిప్పురవ్వ ఆ మొననుంచి బర్నర్ అంచుకి దూకాలి. మధ్య దూరం నాలుగైదు మిల్లీమీటర్లకి మించకూడదు. పింగాణీ మీద పొంగిన పాల మరక నల్లగా మాడి ఉంది. ఆ మసి, చెమ్మ కలిస్తే కరెంటుకి దొంగదారి దొరుకుతుంది. పాత టూత్‌బ్రష్‌తో తోమి, మొనని గరుకు కాగితంతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, మంట వచ్చే రంధ్రాలని సూదితో పొడిచి, ఆరనిచ్చి చూశాం. టక్. నిప్పురవ్వ లేదు.

స్టవ్ తిరగేశాం. ప్రతి నాబ్ వెనకా ఒక చిన్న పెట్టె, దాన్నుంచి మొన దాకా ఒక తీగ. ఆ పెట్టెలో ఉన్నదల్లా ఒక స్ప్రింగు సుత్తి, ఒక స్ఫటికంలాంటి బిళ్ళ. నాబ్ తిప్పితే సుత్తి బిళ్ళమీద కొడుతుంది. ఆ దెబ్బకి వేల వోల్టుల విద్యుత్తు ఒక్క క్షణం పుడుతుంది. బ్యాటరీ లేదు, ప్లగ్గు లేదు. మన చేతి లైటర్‌లో ఉన్నదీ ఇదే. స్ఫటికాలని నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో కనిపెట్టింది క్యూరీ సోదరులు, జాక్, పియేర్. ఆ సూత్రంతో చేసిన కొలిచే పరికరంతోనే తర్వాత మేరీ క్యూరీ తన రేడియోధార్మికత పరిశోధన చేసింది. మన సైన్సు పుస్తకాల తెలుగులో దీని పేరు పీడన విద్యుత్తు. పీడననుంచి నిప్పురవ్వ! స్త్రీవాద వ్యాసానికి ఇంతకన్నా సులువైన పోలిక దొరకదు. అందుకే నాకు దానిమీద అనుమానం. స్ఫటికాన్ని ఎన్నివేలసార్లు కొట్టినా అది రవ్వ ఇస్తుంది, మనిషి అలా కాదు. చాలామంది పీడనతో నిశ్శబ్దంగా పగిలిపోతారు. నేను ఆ పోలిక వదిలేసి తీగ వైపు చూశాను.

తప్పు పెట్టెలో ఉందా, తీగలో ఉందా, మొనలో ఉందా? పరిశోధనలో నేర్చుకున్నది ఇక్కడ పనికొచ్చింది. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి. ఎడమ తీగ ఊడదీసి కుడివైపు పెట్టాం, కుడి తీగ ఎడమకి. తిప్పితే ఇన్నాళ్ళూ మొండికేసిన ఎడమ మొన దగ్గర ఠక్కున రవ్వ! బుద్ధిగా పనిచేసిన కుడివైపు ఇప్పుడు లేదు. జబ్బు తీగతోపాటు వెళ్ళింది. అక్క చప్పట్లు కొట్టి నవ్వింది. "అగో, దొంగ దొరికిండు!" పీహెచ్‌డీ వైవాలో కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

తీగలో ఎక్కడ? కంటికి బాగానే ఉంది. తలుపులు వేసి, లైటు ఆపి, గది చీకటి చేశాం. "అమ్మా, నువ్వూ రా, ఎక్కడ మెరుస్తుందో మూడు జతల కళ్ళు చూడాలి" అన్నాను. ఎందుకో, వచ్చింది. మా పక్కన నేలమీద కూర్చుంది. నాబ్ తిప్పాను. మొన దగ్గర ఏమీ లేదు. మళ్ళీ తిప్పాను. "అదిగో" అంది అమ్మ. స్టవ్ అడుగున, తీగ ఇనప రేకుని ఒరుసుకుంటున్న చోట, సన్నటి నీలం మెరుపు. అక్కడ వేడికి తీగ తొడుగు పగిలింది. నిప్పురవ్వ పుడుతూనే ఉంది. మొన దాకా చేరకుండా దగ్గర్లో ఉన్న రేకులోకి పోతోంది. మాకు వినిపించిన 'టక్' అబద్ధం కాదు.

*

లైటు వేశాక అమ్మ అక్కడే కూర్చుంది. "ఇందులో పేలేది ఏది?" అని అడిగింది.

ఇందులో ఏదీ పేలదని చెప్పాను. గ్యాస్ పేరుకుంటే భగ్గున అంటుకుంటుంది, నిన్న జరిగింది అదే. సరదాకి మొదలుపెట్టి పాత గాలి స్టవ్ గురించీ చెప్పాను. స్వీడన్‌లో 1892లో తయారైన ప్రైమస్ స్టవ్ రకం అది. ఇత్తడి ట్యాంకులో కిరసనాయిలు పోసి పంపుతో గాలి కొడతారు. లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆవిరై సన్నటి రంధ్రంలోంచి చిమ్మి మండుతుంది. ఆ రంధ్రం మూసుకుపోయినా, గాలి మరీ ఎక్కువ కొట్టినా ప్రమాదం.

"ట్యాంకులో గాలి కొట్టేది లేకపోతే?"

"లేకపోతే పేలటానికి ఒత్తిడి ఎక్కడిదమ్మా?"

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నేలవైపు చూస్తూ అంది. "అక్కోళ్ళింట్లో ఉన్నది ఒత్తుల స్టవ్వే. పది ఒత్తులది. సారెలో పెట్టటానికి నాన్న వరంగల్‌లో కొన్నాడు. బస్సులో నేనే ఒళ్ళో పెట్టుకుని తెచ్చా."

హాస్టల్ అక్క లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి అమ్మకిచ్చింది.

ఒత్తుల స్టవ్‌తో ప్రమాదం జరగదని కాదు. మండుతుండగా కిరసనాయిలు పోస్తే, స్టవ్ ఒరిగితే, చీర అంటుకుంటే మనిషి కాలిపోవచ్చు. నలభై ఏళ్ళ తర్వాత, ఒక వంటింటి నేలమీద కూర్చుని నేను తీర్పు చెప్పలేను. చెప్పను. కానీ గాలి కొట్టే ట్యాంకు లేని స్టవ్ ఒత్తిడికి పేలింది అనే వాక్యం మా ఇంట్లో నలభై ఏళ్ళపాటు నిలబడింది. ఆ స్టవ్ కొన్న తాతయ్య ఉన్నాడు, ఒళ్ళో పెట్టుకుని మోసిన అమ్మ ఉంది. ఎవరూ అడగలేదు. అడిగితే ఏం జరిగేదో కూడా తెలియదు. వరకట్న నిషేధ చట్టం 1961లోనే ఉన్నా, 498-ఏ వచ్చింది 1983లో, వరకట్న మరణాన్ని విడిగా నేరంగా గుర్తించిన 304-బి వచ్చింది 1986లో. పెద్దమ్మ పోయేనాటికి ఈ రెండూ లేవు. 2024 జూలైనుంచి అవి కొత్త న్యాయసంహితలో 85, 80 సెక్షన్లయ్యాయి. నంబర్లు మారాయి.

1978లో హైదరాబాద్‌లో ఏర్పడ్డ స్త్రీశక్తి సంఘటన మొదలుకుని ఆనాటి స్త్రీల సంఘాలు ఇలాంటి చావుల గురించి వీధుల్లోకి వచ్చాయి. స్టవ్‌లు కోడళ్ళ మీదే ఎందుకు పేలుతున్నాయి, అత్తల మీదా మామల మీదా ఎందుకు పేలవు అని ఆ రోజుల్లో ఉద్యమం అడిగిన ప్రశ్న మనందరికీ గుర్తుంది. రాజకీయంగా అది ఎంత పదునైన ప్రశ్నో! దాని పక్కన ఇంకో చిన్న ప్రశ్న కూడా ఉండాల్సింది అని ఇప్పుడు అనిపిస్తోంది. అది ఏ స్టవ్? ఎలా పనిచేస్తుంది? ఎన్ని రకాలుగా చెడిపోతుంది?

వంటింటి గురించి మనం తక్కువ రాయలేదు. విమల 'వంటిల్లు', సత్యవతి 'ఇల్లలకగానే' చదివి మారిపోయిన తరం మాది. వంటిల్లు ఒక బందిఖానా అని గుర్తుపట్టటం మాకు వాళ్ళు నేర్పారు. బందిఖానా అని తెలిశాక దాని తాళాల గురించి తెలుసుకోవటం అవసరమా అని నేను అనుకునేదాన్ని. స్టవ్ గురించి తెలుసుకోవటం అంటే వంటింటికి ఇంకాస్త అతుక్కుపోవటమేనని భయం. అది పొరపాటు. మన శరీరాల విషయంలో మనం ఆ పొరపాటు చెయ్యలేదు కదా! 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' ఏం చేసింది? డాక్టర్ల చేతుల్లో ఉన్న జ్ఞానాన్ని మామూలు తెలుగులో మన చేతుల్లో పెట్టింది. ఒంట్లో ఏం జరుగుతోందో తెలిసిన స్త్రీని 'నీకేం తెలుసు' అని నోరు మూయించటం కష్టం. ఇంట్లో ఉన్న యంత్రాల విషయంలో మాత్రం అలాంటి పుస్తకం మనం రాసుకోలేదు. యంత్రం మగవాడిది, దాని ముందు నిలబడటం మనది అన్న శ్రమ విభజనని మాటల్లో వ్యతిరేకిస్తూనే చేతల్లో ఒప్పుకున్నాం. "సార్‌ని పంపించండి" అన్న షాపతను ఆ ఒప్పందాన్నే చదివి వినిపించాడు.

యంత్రం ఎలా చెడిపోతుందో తెలియని చోట, దాని పేరుమీద ఏ అబద్ధమైనా చెల్లుతుంది. పేలింది అంటే పేలింది. షార్ట్ సర్క్యూట్ అంటే షార్ట్ సర్క్యూట్. గ్యాస్ కారింది అంటే కారింది. ఇవి ఇప్పటికీ పేపర్లలో చదువుతూనే ఉన్నాం. కొన్ని నిజాలే అయివుంటాయి. ఏవి నిజాలో అడగగలిగిన మనిషి చావు జరిగిన ఇంట్లో, పక్కింట్లో, పుట్టింట్లో ఒక్కరైనా ఉండాలి. ఆమెకి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. ఒత్తుల స్టవ్‌కీ గాలి స్టవ్‌కీ తేడా తెలిస్తే చాలు, ఆ తేడాని పదిమందిలో పైకి అనగలిగితే చాలు. అమ్మకి మొదటిది పందొమ్మిదేళ్ళప్పుడే తెలుసు. రెండోదానికి నలభై ఏళ్ళు పట్టింది. లోపం అమ్మలో లేదు. ఆమె మాట చేరాల్సిన చోటికి పోకుండా మధ్యలోనే లాగేసుకున్న ఇల్లు, బంధువులు, పరువు, అవి ఉన్నాయి.

*

కొత్త తీగ అదే షాపులో కొన్నాను. పాతది చేత్తో పట్టుకుని వెళ్ళి, ఎక్కడ పగిలిందో చూపించి, ఇలాంటిదే వేడి తట్టుకునే తొడుగున్నది కావాలన్నాను. అతను ఈసారి సార్ గురించి అడగలేదు. మామూలు నల్ల టేప్ చుట్టొద్దు, వేడికి కరిగిపోతుంది అని తనే చెప్పాడు. తీగ రేకుకి ఆనకుండా పక్కనుంచి తిప్పి బిగించాం. రెండు బర్నర్లూ వెలుగుతున్నాయి. అక్క వచ్చే నెల ఊరికెళ్ళినప్పుడు సిలిండర్ బుకింగ్‌కి తన ఫోన్ నంబర్ పెట్టించుకుంటానంది. రాష్ట్రం మారిన ఊరు కాబట్టి ఏ కాగితాలు అడుగుతారో చూడాలి.

అమ్మ ఇప్పటికీ నాబ్ తిప్పి వెలిగించదు. లైటరే వాడుతుంది, ముఖం తిప్పుకునే వెలిగిస్తుంది, ఒక అడుగు వెనక్కి వేస్తుంది. భయం తీగలాంటిది కాదు, మార్చేసి బిగించటానికి. కానీ మొన్న ఖమ్మంనుంచి చుట్టాలొచ్చారు. మాటల్లో ఎవరో పెద్దమ్మ ఫోటో చూసి, "పాపం, స్టవ్ పేలి..." అని మొదలుపెట్టారు. అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"పేలలేదు. అది ఒత్తుల స్టవ్వు" అంది.